జిమ్‌లో వినబడే మాటలు: ఏది దేనికి, మొదటి మూడు నెలలు ఎలా నడపాలి

విజయనగరం కోట జంక్షన్ వైపు చూసినా, శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ వైపు చూసినా ఇప్పుడు జిమ్ కోసం వెతుక్కోనక్కర్లేదు. ఆర్మీ, పోలీసు సెలక్షన్లకు తయారయ్యే కుర్రాళ్లు, పెళ్లిలోగా నాలుగు కేజీలు తగ్గాలనుకునే అమ్మాయిలు, షుగర్ బయటపడ్డాక డాక్టర్ చెబితే వచ్చిన పెద్దవాళ్లు, అందరూ ఒకే గదిలో చెమటోడుస్తుంటారు. సెట్, రెప్, ఫెయిల్యూర్, కార్డియో, టోనింగ్, కోర్, బల్క్, కట్ అంటూ అక్కడ వినబడే మాటలూ ఒకటే. కాకపోతే ఒక్కో మాటకు ఒక్కొక్కరు ఒక్కో అర్థం పెట్టుకుని చేస్తారు. ఆ అర్థం తప్పినప్పుడు దెబ్బ తగిలేది నడుముకూ మోకాలికీ జేబుకే.

అందుకే కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నేను చెప్పేది ఒకటుంది. జిమ్‌లో ఏ మాట చెవిన పడినా, "దీన్నిబట్టి రేపు నేను ఏం మార్చాలి?" అని అడగండి. ఎత్తే బరువా, లెక్కా, సమయమా, తిండా, నిద్రా? జవాబు వస్తే ఆ మాట మీకు పనికొస్తుంది. రాకపోతే దాని మీద రూపాయి పెట్టకండి. కింద మాటలన్నీ మీకు ఎదురయ్యే వరసలోనే చెబుతున్నాను.

మొదటి రోజు: కాటా ఎక్కండి, టేపు కూడా పట్టుకోండి

ఒక నోటు పుస్తకం, టైలర్లు వాడే టేపు కొనండి. పొద్దున్నే లేచి, బాత్‌రూమ్‌కి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు బరువు చూసి రాయండి. మామూలుగా ఊపిరి వదిలి, పొట్ట లోపలికి లాక్కోకుండా, బొడ్డు దగ్గర నడుము చుట్టూ టేపు పెట్టి ఆ కొలతా రాయండి. ఈ రెండు అంకెలూ కలిపి చూస్తేనే "వెయిట్ లాస్"కీ "ఫ్యాట్ లాస్"కీ ఉన్న తేడా తెలుస్తుంది.

బరువు తగ్గడం అంటే కాటా మీద అంకె తగ్గడం. అందులో నీళ్లు, కొవ్వు, కండ, పొట్టలో ఉన్న తిండి అన్నీ ఉంటాయి. అన్నం, రొట్టెల నుంచి వచ్చే పిండిపదార్థాన్ని ఒళ్లు కండల్లో, కాలేయంలో దాచుకునేటప్పుడు ఒక్కో గ్రాముకి సుమారు 3 గ్రాముల నీటిని కూడా పట్టి ఉంచుతుంది. అన్నం ఒక్కసారిగా మానేస్తే మొదటి వారంలోనే రెండు కేజీలు పోవడానికి కారణం అదే. అందులో ఎక్కువ భాగం నీళ్లే. మళ్లీ ఓ పెళ్లి భోజనం చేసి, ఆవకాయ గట్టిగా వేసుకుంటే మర్నాడు కేజీ పైన పెరుగుతారు, అదీ నీళ్లే. ఒక కేజీ కొవ్వులో సుమారు 7,700 కేలరీలుంటాయి. రోజుకి 500 కేలరీలు తగ్గించి తింటే వారానికి అరకేజీ కొవ్వు తగ్గుతుందని లెక్క, అసలు ఒంటి మీద అంతకంటే కాస్త తక్కువే కనబడుతుంది. పది రోజుల్లో పది కేజీలు అని ఎవరైనా బోర్డు పెడితే వాళ్లు చెప్పేది కొవ్వు గురించి కాదు.

ఏ ఒక్క రోజు అంకెనూ నమ్మకండి. వారంలో నాలుగైదు రోజులు చూసి సగటు తీయండి. సగటు కదలకుండా నడుము రెండు సెంటీమీటర్లు తగ్గిందంటే కొవ్వు పోయి కండ వస్తున్నట్టు. జిమ్ మొదలుపెట్టిన తొలి నెలల్లో ఇది చాలామందికి జరుగుతుంది, కాటా ఒక్కటే చూసేవాళ్లు సరిగ్గా అప్పుడే నిరాశపడి మానేస్తారు. నాకు బాధ కలిగించేది ఇదే.

బీఎంఐ అనే మాట కూడా మొదటి రోజే వస్తుంది. కేజీల్లో బరువును, మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే అంకె అది. 165 సెంటీమీటర్ల ఎత్తు, 68 కేజీల బరువు ఉంటే ఇంచుమించు 25. పాశ్చాత్య పట్టికల్లో 25 దగ్గర అధిక బరువు మొదలవుతుంది. మన భారతీయులకు డాక్టర్లు 23 దాటితేనే అధిక బరువు అంటారు, 25 దాటితే ఊబకాయం కింద లెక్క. ఇంటర్నెట్‌లో దొరికే పట్టిక చూసి "నేను నార్మల్" అనుకునే ముందు అది ఎవరి పట్టికో చూడండి. అయినా బీఎంఐకి కండకీ కొవ్వుకీ తేడా తెలియదు. మగవాళ్లకు నడుము 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటితే షుగర్, గుండె జబ్బుల ముప్పు పెరుగుతుంది. నన్నడిగితే రెంటిలో టేపు చెప్పే మాటే ముందు వినండి.

వార్మప్: ఐదు నుంచి పది నిమిషాలు

వార్మప్ అంటే సాగదీసుకుంటూ కూర్చోవడం అనుకుంటారు. ఒళ్లు వేడెక్కించడం, ఆ రోజు చేయబోయే కదలికను తేలిక బరువుతో ఒకసారి చేసి చూడడం, అంతే వార్మప్. ఐదు నిమిషాలు వేగంగా నడవండి, చేతులూ తుంటి కీళ్లూ తిప్పండి, తర్వాత ఖాళీ రాడ్‌తో ఒక సెట్ చేయండి. ఒకే భంగిమలో నిమిషం పైగా సాగదీసి పట్టుకునే స్ట్రెచింగ్ బరువులెత్తే ముందు చేస్తే ఆ కాసేపు బలం కొంచెం తగ్గుతుంది. దాన్ని చివర్లో పెట్టుకోండి.

రెప్, సెట్, ఫెయిల్యూర్

బరువు ఒకసారి ఎత్తి దించితే ఒక రెప్. ఆగకుండా చేసిన రెప్‌లన్నీ కలిపి ఒక సెట్. ఇది అందరికీ తెలుసు, గొడవంతా "దించడం" దగ్గర వస్తుంది.

బైసెప్స్ చేస్తున్న కుర్రాణ్ణి కాసేపు చూడండి. చేతిలో పదిహేను కేజీల డంబెల్ ఉంటుంది. ఎత్తేటప్పుడు నడుము వెనక్కి వంగుతుంది, భుజం ముందుకొస్తుంది, మోచేయి పక్కటెముకలు వదిలేసి గాల్లోకి లేస్తుంది. పైకెళ్లాక డంబెల్ దానంతటదే తొడ దాకా పడిపోతుంది. పది అయ్యాయంటాడు. అందులో బైసెప్స్ చేసిన పని సగం కూడా ఉండదు, మిగతాది నడుము ఊపు. అదే కుర్రాడు ఎనిమిది కేజీలు తీసుకుని, మోచేయి పక్కకి ఆనించి, రెండు సెకన్లు లెక్కపెట్టుకుంటూ దించితే ఎనిమిదో రెప్ దగ్గర చెయ్యి వణుకుతుంది. బరువును అదుపులో పెట్టి దించడం కూడా కండకు పనే. జిమ్‌లో "ఫామ్" అంటే ఇదే. అద్దంలో బాగా కనబడడం ఫామ్ కాదు. మొదటి రెప్ ఏ దారిలో వెళ్లిందో చివరి రెప్ కూడా అదే దారిలో వెళ్లాలి.

ఇక ఫెయిల్యూర్. మంట పుట్టడం, విసుగు రావడం, ఊపిరి అందకపోవడం ఇవేవీ ఫెయిల్యూర్ కావు. సరైన ఫామ్‌తో ఇంకొక్క రెప్ పైకి లేవని చోటే ఫెయిల్యూర్. కండ పెరగడానికి ప్రతి సెట్టూ అక్కడిదాకా వెళ్లక్కర్లేదు. మరో ఒకటి, రెండు, మహా అయితే మూడు రెప్‌లు చేయగలను అనిపించేచోట ఆపితే చాలు. ఎలా తెలుస్తుందంటే, మీరు ఎంత గట్టిగా తోసినా బరువు తనంతట తాను నెమ్మదిస్తుంది. వరుసగా రెండు రెప్‌లు అలా నెమ్మదిగా వెళ్లాయంటే మీరు దగ్గర్లో ఉన్నట్టు. స్క్వాట్ (భుజాల మీద బరువుతో గుంజీ), డెడ్‌లిఫ్ట్ (నేల మీది రాడ్‌ను నిలబడేదాకా ఎత్తడం) లాంటి పెద్ద వ్యాయామాల్లో కొత్తవాళ్లు ఫెయిల్యూర్ దాకా అసలు వెళ్లకండి. కండకంటే ముందు నడుము ఓడిపోతుంది.

బెంచ్ ప్రెస్ (బల్ల మీద పడుకుని రాడ్‌ను ఛాతీ మీంచి పైకి నొక్కడం) దగ్గర ఇంకో అలవాటు. వెనక నిలబడ్డ స్నేహితుడు "ఇంకో రెండు మావా, ఇంకో రెండు" అంటూ రాడ్‌ని తనే లాగేస్తాడు. ఆ రెండూ ఆయన భుజాలు చేసిన పని. పుస్తకంలో రాయకండి. వెనక నిలబడేది రాడ్ మీ మీద పడకుండా కాపాడడానికి. మీ చేతులు ఆగిపోయేదాకా ఆయన చేతులు రాడ్‌కి తగలకూడదని ముందే చెప్పుకోండి.

సెట్‌కీ సెట్‌కీ మధ్య రెస్ట్ ఎంత? పెద్ద వ్యాయామాలకు రెండు మూడు నిమిషాలు, చిన్నవాటికి ఒకటి ఒకటిన్నర. ముప్పై సెకన్లకే మళ్లీ మొదలుపెడితే ఎక్కువ కష్టపడినట్టు అనిపిస్తుంది గానీ తర్వాతి సెట్‌లో రెప్‌లు పడిపోతాయి. ఫోన్ చూస్తూ పది నిమిషాలు బెంచ్ మీద కూర్చోవడం కూడా రెస్ట్ కాదు, వెనక ఎదురుచూసేవాళ్లకి ఇబ్బంది.

ప్రోగ్రెసివ్ ఓవర్‌లోడ్: ఈ ఒక్కటి పట్టుబడితే సగం పని అయినట్టే

పేరు పెద్దదే గానీ విషయం తేలిక. ఈ వారం ఒంటికి ఇచ్చిన పనికంటే వచ్చే వారాల్లో కొంచెం ఎక్కువ ఇవ్వడం. కొంచెమే. చాలామంది దీన్ని "ప్రతిరోజూ ప్లేటు కలపడం" అనుకుంటారు. మన ఊళ్లలో చాలా జిమ్‌లలో దొరికే అతి చిన్న ప్లేటు 2.5 కేజీలది. రెండు వైపులా వేస్తే ఒక్కసారిగా 5 కేజీలు పెరుగుతుంది. 20 కేజీలు నొక్కేవాడికి 5 కేజీలంటే నాలుగో వంతు. భుజం నొప్పులు ఎక్కువగా మొదలయ్యేది ఇక్కడే.

అందుకే ముందు రెప్‌లు పెంచండి, తర్వాతే బరువు. షోల్డర్ ప్రెస్‌కి 20 కేజీలు పెట్టుకున్నారనుకుందాం. మూడు సెట్లలో 8, 8, 7 వచ్చాయి, రాసుకోండి. వచ్చే వారం అదే బరువు, 9, 8, 8. ఆపై వారం 10, 9, 9. మూడు సెట్లూ 12 చొప్పున శుభ్రమైన ఫామ్‌తో వచ్చిన రోజున ప్లేటు కలపండి. బరువు పెరిగింది కాబట్టి మళ్లీ 7, 7, 6కి పడతారు, కంగారు పడకండి. అక్కణ్ణుంచి మళ్లీ ఎక్కాలి. ఒక్కో మెట్టుకి నాలుగైదు వారాలు పట్టినా తప్పులేదు. ఐదు రెప్‌లు చేసినా, పాతిక చేసినా, ఫెయిల్యూర్‌కి దగ్గరగా ఆపితే కండ పెరుగుతుంది. "పన్నెండు దాటితే కండ రాదు, కట్స్ (కండల గీతలు) వస్తాయి" అనేది నిజం కాదు.

రాడ్ బరువెంతో కూడా అడిగి తెలుసుకోండి. పోటీల్లో మగవాళ్లు వాడే రాడ్ 20 కేజీలు, ఆడవాళ్లది 15. చిన్న జిమ్‌లలో ఉండేవి అంతకంటే తేలికగా ఉండొచ్చు. జిమ్ మారినప్పుడు "నా బలం తగ్గిపోయింది" అని చాలామంది దిగులుపడేది ఈ రాడ్ తేడా వల్లే.

ఒక్కసారి మాత్రమే ఎత్తగలిగే గరిష్ఠ బరువును వన్ రెప్ మ్యాక్స్ అంటారు. పోటీలకు వెళ్లేవాళ్లకు ఆ అంకె కావాలి. మొదటి ఆరు నెలల్లో మీకు దాంతో పని లేదు.

నొప్పి ఎంత ఎక్కువైతే అంత మంచిదా?

కాదు. కొత్త వ్యాయామం చేశాక కండ పట్టేసినట్టు ఉండే నొప్పి ఒకటి నుంచి మూడు రోజుల మధ్య బాగా ముదిరి తగ్గిపోతుంది. దీన్ని అందరూ "లాక్టిక్ యాసిడ్ పేరుకుంది" అంటారు. వ్యాయామంలో పుట్టే లాక్టేట్ ఒక గంట అటూ ఇటూగా రక్తం నుంచి తొలగిపోతుంది, మర్నాటి నొప్పికి అది కారణం కాదు. అలవాటు లేని పని వల్ల కండ పోగుల్లో వచ్చే సూక్ష్మమైన దెబ్బలు, వాటికి ఒళ్లు స్పందించే తీరు ఆ నొప్పికి మూలం. అదే వ్యాయామం మూడు వారాలు చేస్తే నొప్పి రావడం మానేస్తుంది, కండ మాత్రం పెరుగుతూనే ఉంటుంది. కాబట్టి నొప్పి మార్కుల కాగితం కాదు. మీ పుస్తకంలో అంకెలు పెరుగుతున్నాయా లేదా, అది చూడండి.

రెండు నొప్పులను మాత్రం వేరుగా చూడాలి. కీలులో గుచ్చినట్టు ఒకేచోట నొప్పి వస్తే ఆ వ్యాయామం ఆపండి. విపరీతంగా చేసిన మర్నాడు కండలు ఉబ్బి, మూత్రం టీ డికాషన్ రంగులో వస్తే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. దెబ్బతిన్న కండ నుంచి రక్తంలోకి వచ్చే పదార్థం కిడ్నీలను దెబ్బతీస్తున్న లక్షణం కావచ్చు. మొదటి రోజే పౌరుషానికి పోయి వందల కొద్దీ గుంజీలు తీసినవాళ్లకు ఇలా జరిగే ప్రమాదం ఉంది.

కార్డియో, హిట్, చెమట

గుండె, ఊపిరితిత్తులకు పని చెప్పేది ఏదైనా కార్డియోనే. ట్రెడ్‌మిల్లే కానక్కర్లేదు. విజయనగరం పెద్దచెరువు గట్టు మీద గట్టిగా నడిచినా, శ్రీకాకుళం ఆర్ట్స్ కాలేజీ మైదానంలో పరుగెత్తినా కార్డియోనే. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు చెప్పే లెక్క వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామం, దాంతోపాటు కనీసం రెండు రోజులు కండలకు పని. మధ్యస్థం అంటే ఎంత వేగం? పక్కవాళ్లతో మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. గడియారం అక్కర్లేదు. 220 నుంచి వయసు తీసేస్తే గరిష్ఠ గుండె వేగం వస్తుందన్న సూత్రం సగటు మాత్రమే, ఒక్కో మనిషికి పదీ పన్నెండు అటూ ఇటూ ఉండడం మామూలే.

హిట్ (హై ఇంటెన్సిటీ ఇంటర్వెల్ ట్రైనింగ్) అనేది ఇప్పుడు ప్రతి జిమ్ బోర్డు మీదా ఉంది. అరనిమిషం నుంచి నిమిషం దాకా దాదాపు మీ శక్తికొద్దీ చేసి, తర్వాత తేలిగ్గా కదులుతూ కోలుకుని, మళ్లీ చేయడం దీని పద్ధతి. వార్మప్ కలిపినా ఇరవై, పాతిక నిమిషాలకు మించి నిజమైన హిట్ చేయడం కష్టం. గంటసేపు పాటలకు గెంతితే అది మంచి కార్డియోనే, హిట్ మాత్రం కాదు. వారానికి రెండుసార్లు చాలు. 1,600 మీటర్ల పరుగుకి తయారయ్యే కుర్రాళ్లు రోజూ పూర్తి వేగంతో 1,600 మీటర్లే పరుగెడుతుంటారు. అలా చేస్తే కాలి ఎముకల ముందు నొప్పి పట్టుకుంటుంది. వారంలో ఎక్కువ రోజులు మాట్లాడగలిగే వేగంతో నాలుగైదు కిలోమీటర్లు, ఒకటి రెండు రోజులు మాత్రం 400 మీటర్లు గట్టిగా, మధ్యలో విరామంతో పెట్టుకోండి.

ట్రెడ్‌మిల్ తెర మీద కనిపించే "ఫ్యాట్ బర్నింగ్ జోన్" సంగతి. నెమ్మదిగా నడిచేటప్పుడు ఖర్చయ్యే శక్తిలో కొవ్వు వాటా ఎక్కువ, నిజమే. కానీ మొత్తం ఖర్చు తక్కువ. చివరికి కొవ్వు తగ్గేది మొత్తం తిన్నదానికీ ఖర్చయినదానికీ ఉన్న తేడాని బట్టి. దాని గురించి వేగం మార్చుకోనక్కర్లేదు.

చెమట మన తీర ప్రాంతంలో పెద్ద భ్రమ. ఇక్కడి గాలిలో తేమ ఎక్కువ కాబట్టి చెమట ఆరదు, ఒంటినిండా కారుతుంది. కారిందంతా కొవ్వే అనుకుని మే నెలలో కూడా ప్లాస్టిక్ జాకెట్ వేసుకుని పరుగెత్తేవాళ్లున్నారు. లీటరు చెమట పోతే కాటా మీద కేజీ తగ్గుతుంది, లీటరు నీళ్లు తాగితే తిరిగి వస్తుంది. ఆరని చెమట ఒంటిని చల్లబరచదు, జాకెట్ వేస్తే ఇంకా వేడెక్కి వడదెబ్బ తగులుతుంది. వదులు బట్టలు వేసుకోండి, ఎండ ముదరకముందే ముగించండి, ఉప్పు వేసిన మజ్జిగ తాగండి.

టోనింగ్, స్పాట్ రిడక్షన్, కోర్

టోనింగ్ పేరుతో వేరే వ్యాయామం ఏదీ లేదు. చెయ్యి గట్టిగా, తీరుగా కనబడడానికి రెండే కావాలి. కింద కండ ఉండాలి, పైన కొవ్వు తగ్గాలి. కండకి బరువులు, కొవ్వుకి తిండి లెక్క. ఆడవాళ్లకు గులాబీ రంగు కేజీ డంబెల్ ఇచ్చి యాభైసార్లు ఊపమంటే కండకి అందే పని చాలా తక్కువ. "బరువులెత్తితే మగాళ్లలా అయిపోతానేమో" అన్న భయం వదిలేయండి. కండ పెరగడానికి తోడ్పడే టెస్టోస్టిరాన్ ఆడవాళ్లలో మగవాళ్లకంటే చాలా తక్కువ, అనుకోకుండా ఒక్కసారిగా కండలు పొంగిపోవడం జరగదు.

ఈ భయం ఉన్నవాళ్లకు మన జిల్లాల్లోనే జవాబుంది. ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కేజీల విభాగంలో స్నాచ్ (ఒకే ఊపులో తల మీదికి ఎత్తడం) 110, క్లీన్ అండ్ జర్క్ (ముందు భుజాల దాకా, తర్వాత తల మీదికి ఎత్తడం) 130, మొత్తం 240 కేజీలు ఎత్తి కాంస్యం తెచ్చారు. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ ఆవిడే. నెల్లిమర్ల దగ్గరి కొండవెలగాడ నుంచి వచ్చిన మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కేజీల విభాగంలో వెండి పతకం అందుకున్నారు. 53 కేజీల విభాగం అంటే పోటీ రోజున ఒంటి బరువు 53 దాటకూడదు. ఏళ్లతరబడి రోజూ బరువులెత్తినవాళ్లు ఆ బరువులోనే ఉండగలుగుతున్నారు.

ఈ సందర్భంలోనే ఇంకో గందరగోళం తీర్చుకోండి. స్నాచ్, క్లీన్ అండ్ జర్క్ అనే రెండు లిఫ్టులుండే ఆట వెయిట్‌లిఫ్టింగ్. స్క్వాట్, బెంచ్ ప్రెస్, డెడ్‌లిఫ్ట్ మూడూ ఉండేది పవర్‌లిఫ్టింగ్. బాడీబిల్డింగ్‌లో ఎత్తిన బరువుకి మార్కులుండవు, ఒంటి ఆకృతికి ఉంటాయి. మీ అమ్మాయిని వెయిట్‌లిఫ్టింగ్‌లో చేర్చాలనుకుంటే మామూలు జిమ్‌లో నేర్పరు, ఆ రెండు లిఫ్టులూ నేర్పే కోచ్ దగ్గరికే వెళ్లండి.

స్పాట్ రిడక్షన్ అంటే ఒక్కచోటే కొవ్వు కరిగించడం. వంద క్రంచెస్ చేస్తే పొట్ట కండ బలపడుతుంది, దాని మీదున్న కొవ్వు అక్కడే కరగదు. కొవ్వు ఎక్కణ్ణుంచి ముందు పోవాలో ఒళ్లు నిర్ణయిస్తుంది, మగవాళ్లకు చాలావరకు పొట్ట దగ్గరే ఆఖర్న పోతుంది. పొట్ట చుట్టూ కట్టుకునే బెల్టులు కొనకండి.

కోర్ అంటే సిక్స్‌ప్యాక్ కాదు. పొట్ట, నడుము వెనక, తుంటి కండలు, ఊపిరితో కదిలే డయాఫ్రమ్ అన్నీ కలిసి వెన్నెముకను కదలకుండా పట్టి ఉంచే ఏర్పాటు. కాబట్టి మోచేతులు, కాలివేళ్ల మీద ఒంటిని తిన్నగా నిలిపి ఉంచే ప్లాంక్‌లో ఐదు నిమిషాల రికార్డు కంటే, పొట్ట బిగించి, నడుము జారకుండా ముప్పై సెకన్లు సరిగ్గా ఉండడం మేలు. బియ్యం బస్తా ఎత్తేటప్పుడు పొట్ట ఎలా బిగుసుకుంటుందో అదే కోర్ పని.

ప్రొటీన్, క్రియాటిన్, ఇంజెక్షన్: ఇక్కడ తొందరపడకండి

ప్రొటీన్ పౌడర్ స్టెరాయిడ్ కాదు. వే ప్రొటీన్ పాల నుంచి తీసిందే, ఒక చెంచాకొలతలో 20 నుంచి 25 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. మందు కాదు, తప్పనిసరీ కాదు. మామూలు మనిషికి కేజీ బరువుకి 0.83 గ్రాములు చాలు, బరువులెత్తేవాళ్లు 1.6 దాకా తీసుకోవచ్చు. 60 కేజీల మనిషికి 96 గ్రాములు. మన ఇంట్లో ఎంత వస్తుందో వేసి చూద్దాం. రెండు గుడ్లు 12, ఇంచుమించు యాభై గ్రాముల కందిపప్పుతో చేసిన గట్టి పప్పు 11, ముప్పై గ్రాముల వేరుశెనగ గుళ్లు 7, కప్పు పెరుగు 6, గ్లాసు పాలు 8, చేపకూరలో మంచి ముక్కలు రెండు 25, రోజంతా తినే అన్నం పావుకేజీ బియ్యానిదైతే 19. మొత్తం 88. ఉలవలు ఉడికించి తింటే లోటు తీరిపోతుంది. మన చోడి (రాగి) అంబలి మంచిదే, దానిలో ఎక్కువగా ఉండేది కాల్షియం, ప్రొటీన్ వంద గ్రాముల పిండికి 7 గ్రాములే. పలాస జీడిపప్పు ప్రొటీన్ కోసమని గుప్పెళ్లకొద్దీ తినకండి. ముప్పై గ్రాముల్లో ప్రొటీన్ ఐదారు గ్రాములు, కేలరీలు 165 పైన.

క్రియాటిన్, క్రియాటినిన్ రెండూ ఒకటి కాదు, ఈ రెండింటినీ కలిపేసుకోవడం మన జిల్లాలో ప్రమాదం. క్రియాటిన్ కండల్లో సహజంగా ఉండే పదార్థం. మాంసం, చేపల్లో ఉంటుంది, రోజుకి 3 నుంచి 5 గ్రాముల పొడిగానూ వాడతారు. భారీ బరువులెత్తేటప్పుడు ఒకటి రెండు రెప్‌లు ఎక్కువ చేయడానికి పనికొస్తుంది, కండలో నీరు పట్టడం వల్ల కేజీ దాకా బరువు పెరుగుతారు. ఈ క్రియాటిన్ అరిగాక మిగిలే వ్యర్థమే క్రియాటినిన్, దాన్ని కిడ్నీలు బయటికి పంపుతాయి. కిడ్నీ పరీక్షలో చూసే అంకె అదే. క్రియాటిన్ వాడేవాళ్లకు కిడ్నీలు బాగున్నా ఆ అంకె కొంచెం పెరగొచ్చు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు ఈ మోతాదులో వాడితే కిడ్నీలు పాడైనట్టు పరిశోధనల్లో కనబడలేదు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ల సంగతి వేరు.

ఉద్దానం మనది. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస వైపు ఎన్ని ఇళ్లలో డయాలసిస్ మాట వినబడుతుందో మీకు తెలుసు. ఫలానాదే కారణమని ఇంకా తేలలేదు. కిడ్నీ జబ్బు చాలాకాలం ఏ లక్షణమూ చూపించదు, పాతికేళ్ల కుర్రాడు తనకేమీ లేదనుకునే తిరుగుతాడు. కాబట్టి ఆ ప్రాంతం వాళ్లు, ఇంట్లో ఎవరికైనా కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, బీపీ, షుగర్ ఉన్నవాళ్లు ఏ పౌడర్ డబ్బా అయినా తెరవకముందే రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ప్రొటీన్ పరీక్షలు చేయించుకోండి. ప్రొటీన్ ఎంత తినాలో కూడా అప్పుడు డాక్టరే చెప్పాలి. ఇప్పటికే క్రియాటిన్ వాడుతుంటే పరీక్షకు ముందు ఆ మాట డాక్టర్‌కి చెప్పండి. అనుమానం ఉంటే క్రియాటిన్ ప్రభావం పడని సిస్టాటిన్ సి అనే పరీక్ష కూడా ఉంది.

ఇంతకంటే ముఖ్యం నొప్పి మాత్రలు. జిమ్ నొప్పులకి మందుల షాపులో డైక్లోఫినాక్, ఐబుప్రొఫెన్ లాంటివి కొని రోజూ వేసుకోవడం, అదీ చెమటలు కారి నీళ్లు తగ్గిన ఒంటికి, కిడ్నీల మీద నేరుగా భారం. మొదటి వారం నొప్పికి మాత్ర అక్కర్లేదు. నడవండి, నిద్రపోండి, తగ్గుతుంది.

"విటమిన్ ఇంజెక్షన్" అంటూ జిమ్‌లో ఎవరైనా సూది ఇవ్వబోతే తీసుకోకండి. అందులో ఏముందో మీకు తెలిసే దారి లేదు. స్టెరాయిడ్ అయితే గుండె, కాలేయం, సంతానం మూడింటికీ దెబ్బ. ఫ్యాట్ బర్నర్ మాత్రల్లో చాలావాటిలో ప్రధానంగా ఉండేది కెఫీన్, దానికి ఫిల్టర్ కాఫీ ఉంది. డబ్బా మీద ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) 14 అంకెల నంబరు ఉందంటే తయారీదారుకి లైసెన్స్ ఉందని అర్థం. లోపల ఉన్నది కండ పెంచుతుందని కాదు.

బల్క్, కట్ అనే రెండూ బాడీబిల్డర్ల పద్ధతులు. కావాలని ఎక్కువ తిని కండతోపాటు కొంత కొవ్వూ పెంచుకోవడం ఒకటి, తర్వాత తిండి తగ్గించి ఆ కొవ్వు దించుకోవడం రెండోది. మొదటి ఏడాది మీకు రెండూ వద్దు.

రెస్ట్ డే, డిలోడ్

బరువులెత్తినప్పుడు కండ పెరగదు, ఎత్తాక తినీ పడుకునీ ఉన్న గంటల్లో పెరుగుతుంది. కొత్తవాళ్లకు వారానికి మూడు రోజులు, ప్రతిసారీ ఒళ్లంతా కలిపి చేస్తే చాలు. సోమ, బుధ, శుక్ర పెట్టుకోండి. మధ్య రోజుల్లో నడక. నైట్ డ్యూటీ చేసి వచ్చినవాళ్లు నిద్ర మానుకుని జిమ్‌కి రాకండి, ఆ రోజు సెలవు పెట్టుకుని మర్నాడు రండి.

ఎనిమిది పది వారాలు అంకెలు పెరిగాక ఒకచోట ఆగుతాయి. రెండు వారాలు వరసగా అదే బరువుకి రెప్‌లు తగ్గుతూ, నిద్ర సరిగ్గా పట్టక, కీళ్లు పీకుతుంటే ఒక వారం డిలోడ్ చేయండి. జిమ్ మానేయకుండా అవే వ్యాయామాలు, మామూలుగా ఎత్తే బరువులో సగం పైచిలుకు, సెట్లు మూడుకి బదులు రెండు. తర్వాతి సోమవారం పాత బరువుకి వెళ్లి, పుస్తకంలో ఆఖరున రాసిన అంకెకంటే ఒక్క రెప్ ఎక్కువ వస్తుందేమో చూడండి. రాకపోతే ముందు తిండి, నిద్ర సరిచూడండి, ఆ తర్వాతే ప్రోగ్రామ్ మార్చడం గురించి ట్రైనర్‌తో మాట్లాడండి.